తీగ పంచాయితీ

రాత్రి పదకొండైంది. ఇంట్లో అందరూ పడుకున్నారు. నాకు మాత్రం ఆ విరిగిన చివరే కళ్లముందు.

అదే, మిద్దె మీది గుమ్మడి పాదు. దానికి పాకడానికి పది, పదిహేను అడుగులు కావాలి. నాకున్నది నీళ్ల ట్యాంకుకీ పిట్టగోడకీ మధ్య మంచమంత జాగా. అందుకే రెండు వెదురు గడలు నిలబెట్టి, నైలాన్ తాడు నిచ్చెనలా కట్టి పైకెక్కించాను. ఎక్కింది కూడా.

ఇవాళ తొమ్మిదింటికి బట్టలు ఆరేయడానికి వెళ్తే, జానెడు చివర తల వేలాడేసి ఉంది. పక్కనే కింద ఫ్లోరావిడ డబుల్ కాట్ దుప్పటి, నీళ్లు కారుతూ. అంత మిద్దె పెట్టుకుని నా పాదు పక్కనే ఎందుకు? నేను నోరు తెరవకముందే "నేనేం ముట్టుకోలేదండీ" అంది. గుమ్మడికాయల దొంగ సామెతని నిజంగా గుమ్మడి పాదు దగ్గరే వాడే అవకాశం జన్మకోసారి వస్తుంది. మింగేశాను. పైగా "ఈ తొట్ల వల్ల శ్లాబు కారుతుందటండీ" అని ఇంకోటి. నిరుడు కారినప్పుడు తొట్లెక్కడివమ్మా? ఈయనకి చెబితే, "రైతుబజార్లో ముక్క కోసిస్తారుగా" అన్నారు. మీకు తెలుసుగా ఈయన.

అమ్మమ్మ వాళ్లింట్లో పాదు పెంకుల మీదకి పాకేది. పిందెని వేలుపెట్టి చూపిస్తే కుళ్లిపోతుందని, వేలు మడిచి చూపించమనేది. ఒకసారి మర్చిపోయి చూపుడువేలే పెట్టాను. నాలుగో రోజుకి పిందె పసుపెక్కి రాలింది. నన్నెవరూ ఏమనలేదు. కానీ వారంపాటు ఆ వేలు గౌను జేబులోంచి బయటికి తియ్యలేదు, అన్నం కూడా స్పూనుతోనే. పుప్పొడి అందకపోతే పిందె అలాగే రాలుతుందని చాలా ఏళ్లకి తెలిసింది. పువ్వు తెల్లారగట్ల విచ్చుకుని ఎండెక్కేలోపు ముడుచుకుంటుంది, తేనెటీగ ఆలోపే రావాలి. మా మిద్దెకి అవి వచ్చేది అంతంతమాత్రం. అందుకే నేనే మగపువ్వు కోసి, రేకులు తీసేసి, ఆడపువ్వులో అద్దుతున్నాను. అయినా ఇప్పటికీ పిందెని మడిచిన వేలితోనే చూపిస్తాను.

ఆగండి. ఇవాళ ఆరింటికి పువ్వు అద్దడానికి వెళ్లినప్పుడు ఆ చివరని ఇటు తిప్పి తాడు కిందనుంచి దూర్చింది నేనే కదూ? పొద్దునపూట తీగ నీళ్లు తాగి పెళుసుగా ఉంటుంది. వంచాలంటే ఎండకి కాస్త వడలిన సాయంత్రమే వంచాలి. తెలుసు నాకు. అప్పుడు టప్‌మన్న చప్పుడేమైనా... వినలేదనే అనుకుంటున్నా.

సరే, మిద్దెతోటల వాళ్లు 3జీ కటింగ్ అని కావాలనే చివరలు తుంచుతారు. పక్క కొమ్మలొస్తాయి, వాటి చివరలూ తుంచితే మూడో తరం కొమ్మలు, 3జీ అంటే అదే. వాటికి ఆడపూలు ఎక్కువంటారు. కాబట్టి పోయిందేం లేదు. కాకపోతే ఆ కొమ్మలన్నీ ఎటు పంపాలి? మిగిలింది ఆవిడ బట్టల తీగే. దాని అవతలి కొస ఎప్పుడూ ఖాళీయే. రేపు అడగాలి, దుప్పటి ఊసెత్తకుండా.