పార్కు బాగుచేద్దామని వెళ్తే ముందు ఏమీ చెయ్యొద్దన్నారు: నా అనుభవం

మీ గ్రూప్ ఎలా మొదలైంది, పర్మిషన్ ఎలా తెచ్చుకున్నారు, మా దగ్గర పార్కులో మేం కూడా ఏదైనా చేద్దామనుకుంటున్నాం అని తెలిసినవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కళ్ళకీ ఫోన్లో చెప్పే ఓపిక లేక అంతా ఒకేచోట రాసేస్తున్నా. పొడుగైంది, ఏమనుకోవద్దు.

ముందు స్థలం గురించి. పార్కు ముందు సగంలో లాన్, బెంచీలు, వాకింగ్ ట్రాక్ ఉన్నాయి, దాన్ని చూసుకోడానికి తోటమాలి ఉన్నాడు. వెనక సగం మాత్రం ఎవరికీ పట్టదు. అక్కడక్కడా పాత చెట్లు, వాటి చుట్టూ కలుపులా అల్లుకుపోయే లాంటానా పొదలు, ఆ వెనక చిన్న కుంట, కుంట నిండా గుర్రపుడెక్క. అందరూ దాన్ని ఖాళీ జాగా అనేవాళ్ళు. పొద్దున వాకింగ్‌కి వచ్చే కొద్దిమందిమి మాటల్లో మాటగా ఇక్కడ ఏదైనా చేద్దాం అనుకున్నాం, ఏదైనా అంటే ఇంకేముంది, మొక్కలు నాటడమే, అందరికీ వచ్చే మొదటి ఐడియా అదే కదా. తోటమాలిని పిలిచి అడిగితే అతను పార పక్కన పెట్టి, "నాటండి అక్కా, ఎవరొద్దన్నారు, ప్రతి వానాకాలం ఎవరో ఒకరు వచ్చి నాటుతారు ఫోటోలు దిగుతారు, ఎండాకాలం నీళ్ళెవరు పోస్తారో అది చెప్పి నాటండి" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. నిజానికి మా గ్రూప్ మొదలైంది ఆ ప్రశ్నతోనే.

పర్మిషన్ సంగతికొస్తే, ముందు ఆ జాగా ఎవరిదో కనుక్కోవాలి, ఇది అనుకున్నంత చిన్న పనేం కాదు. పార్కు ఒక శాఖ కింద, కుంట ఇంకో శాఖ కింద, మధ్యలో ఉన్న పొదల జాగా మాది కాదంటే మాది కాదని ఇద్దరూ అన్నారు. చివరికి పాత మ్యాపు బయటికి తీయిస్తే తేలింది. మొదటి లెటర్ మాలో ఒకాయన చాలా గొప్పగా రాశారు, పర్యావరణం, భావితరాలు, ఇంకా న్యూయార్క్ సెంట్రల్ పార్కు 1970లలో పాడైపోతే జనం కలిసి 1980లో కన్సర్వెన్సీ అని పార్కుని చూసుకునే సంస్థ పెట్టుకుని బాగుచేసుకున్నారు, తర్వాత 1998లో సిటీయే వాళ్ళతో ఒప్పందం రాసుకుంది అని అంతా అందులో ఉంది. ఆఫీసులో సార్ మొత్తం చదివి, "బాగుంది మేడమ్, న్యూయార్క్ సంగతి సరే, ఇక్కడ మీరు పీకిన చెత్త ఎవరెత్తుతారు?" అన్నారు. కోపం వచ్చింది కానీ తర్వాత ఆలోచిస్తే సరైన ప్రశ్నే.

వాళ్ళ భయాలు ఏంటంటే, ఎవరికైనా దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది, బాగుచేస్తామని వచ్చి చెట్లు కొట్టేస్తారేమో, రేపు బోర్డు పెట్టి ఈ జాగా మాదంటారేమో. ఇవి పైకి చెప్పరు, మనమే అర్థం చేసుకోవాలి. రెండో లెటర్లో గొప్పలన్నీ తీసేసి ఒక్క పేజీలో ఇవే రాశాం: ఏ చెట్టూ కొట్టం, మెషిన్ వాడం, చేతి పనిముట్లు మాత్రమే, బోర్డు పెట్టం, ఏదీ కట్టం, డబ్బు వసూలు చెయ్యం, పిల్లలొస్తే పెద్దవాళ్ళు వెంట ఉంటారు, చెత్త ఫలానా మూల కుప్ప పెడతాం మీ బండి వచ్చి తీసుకెళ్ళాలి, మాట్లాడాల్సి వస్తే ఈ ఒక్క మనిషికే ఫోన్ చెయ్యండి. పైగా మొత్తం జాగా అడక్కుండా ఒక మూల, ఒక సీజన్ వరకే అడిగాం. కొద్దిగా అడిగితే సంతకం పెట్టేవాళ్ళకి ధైర్యం ఉంటుంది. అయినా లేటయింది, అది వేరే కథ.

ఆ లేటే మాకు మేలు చేసింది అంటాను. మాలో ఒక రిటైర్డ్ టీచర్ ఆంటీ ఉన్నారు, మొక్కల పిచ్చి, ఆవిడ చెప్పిందొకటే, "సంతకం అయ్యేదాకా గడ్డిపోచ కూడా ముట్టుకోకండి, ఊరికే చూడండి, ఏముందో రాయండి." ఖాళీ చేతుల్తో వెళ్ళి చూడటమేంటని విసుక్కున్నాం కానీ చేశాం. ఫోన్లో ఐనాచురలిస్ట్ యాప్ వేసుకున్నాం, వెబ్‌సైట్‌గా 2008 నుంచి ఉంది అది, ఫోటో పెడితే ఏ జాతో ఊహ చెప్తుంది, తెలిసినవాళ్ళు చూసి ఖాయం చేస్తారు. యాప్ చెప్పిన మొదటి పేరు మాత్రం నమ్మేయొద్దు, ఆకు ఒక్కటే కాకుండా పువ్వు, కాయ, బెరడు కూడా విడివిడిగా ఫోటోలు తీస్తే మనుషులు సరిగ్గా గుర్తుపడతారు. అలా చూస్తూ పోతే ఖాళీ జాగా అన్నదాంట్లో ఏం బయటపడిందో చెప్పాలంటే చాలా ఉంది. లాంటానా కింద నీడలో వేప మొలకలు, కానుగ మొలకలు వాటంతట అవే వచ్చి ఎదగలేక నిలబడి ఉన్నాయి. ట్రాక్ పక్కన గడ్డి లేని మట్టి గట్టు ఒకటి ఉంది, దాన్నిండా పెన్సిల్ దూరేంత బొక్కలు. చీమలవి అనుకున్నాం, ఆంటీ కూర్చోబెట్టి చూపించారు, చిన్న తేనెటీగలాంటిది కాళ్ళకి పసుపు పుప్పొడి పూసుకుని వచ్చి దాంట్లో దూరింది. తేనెటీగ జాతుల్లో దాదాపు 70 శాతం తేనెపట్టు పెట్టవు, ఇలా నేలలోనే ఒంటరిగా గూడు చేసుకుంటాయట. ఆ గట్టు మీదే మేం పూలమొక్కలు పెడదామని ప్లాన్ వేసుకున్నది! ప్లాన్లోంచి దాన్ని కొట్టేశాం.

ఇక పని. ఇక్కడ పెద్ద గొడవే అయింది మాలో. కుర్రాళ్ళందరూ లాంటానా ఎక్కడ దట్టంగా ఉందో అక్కడ మొదలుపెడదాం, ఒక ఆదివారం అందరం పడితే అయిపోతుంది అన్నారు. ఆంటీ ఒప్పుకోలేదు, ఆవిడ వేరే పద్ధతి చెప్పారు. ఆస్ట్రేలియాలో జోన్ బ్రాడ్లీ, ఐలీన్ బ్రాడ్లీ అని అక్కాచెల్లెళ్ళు ఉండేవాళ్ళు, 1960లలో సిడ్నీలో తమ ఇళ్ళ దగ్గరి అడవి జాగాల్లో చేత్తో కలుపు తీస్తూ ఒక పద్ధతి తయారుచేశారు, ఇప్పటికీ దాన్ని బ్రాడ్లీ పద్ధతి అంటారు. అందులో సూత్రాలు మూడే. బాగున్న చోట మొదలుపెట్టి పాడైన చోటికి వెళ్ళాలి. మట్టిని వీలైనంత తక్కువ కదిలించి, పైనున్న ఆకుల పొరని మళ్ళీ కప్పెయ్యాలి. స్థానిక మొక్కలు ఎంత వేగంగా తిరిగి వస్తున్నాయో అంత వేగంతోనే మనం ముందుకెళ్ళాలి, తొందరపడకూడదు.

వినగానే తలకిందులుగా అనిపిస్తుంది, బాగున్న చోట పనేముంది అని. కానీ మట్టిలో ఏళ్ళ తరబడి కలుపు విత్తనాలు దాగి ఉంటాయి, ఒక్కసారిగా అంతా తీసేసి ఎండ తగలనిస్తే ముందు లేచేవి అవే. పైగా మా కళ్ళ ముందే రుజువు ఉంది, అంతకుముందు ఎవరో మెషిన్ పెట్టి ఒక పక్కంతా ఒక్కరోజులో చదును చేసి వెళ్ళారు, వాన పడ్డాక ఆ పక్కంతా నడుమెత్తు వయ్యారిభామ. అదే మంచి మొక్కలున్న చోట అంచున కొంచెం కలుపు తీస్తే పక్కనున్న మొక్కలు ఆ సందుని నింపుకుంటాయి, మళ్ళీ వచ్చే కలుపు మన చేతులకి అందేంతే ఉంటుంది. ఆ చదును చేసిన పక్క చూపించాకే కుర్రాళ్ళు తగ్గారు.

లాంటానా తియ్యడం గురించి కొంచెం వివరంగా రాస్తా, ఎక్కువమంది అడిగేది ఇదే. పైపైన కొడవలితో నరికితే ఒక్క కొమ్మ ఉన్నచోట గుత్తులుగా చిగుళ్ళొస్తాయి, నరక్కపోవడమే నయం. కాండం వేరుతో కలిసే చోట కొంచెం ఉబ్బుగా ఉంటుంది, చిగుళ్ళు పుట్టేది అక్కణ్ణుంచే. బొరిగెతో చుట్టూ మట్టి కాస్త పక్కకి లాగి, ఆ ఉబ్బుకి దిగువన వేరుని తెంపాలి, చిన్నదైతే బొరిగె చాలు, ముదురుదైతే గునపం కావాలి. మిగతా వేర్లు నేలలోనే ఉండిపోయినా పర్లేదు, తవ్వి పోసుకోవద్దు. తీసిన పొదని వేర్లు పైకి వచ్చేలా బోర్లా పడేసి ఎండనివ్వాలి, నేలకి ఆనితే మళ్ళీ పాతుకుంటుంది. నల్లగా పండిన కాయలుంటే ముందు వాటిని సంచిలోకి దూసుకుని తర్వాతే పొద కదిలించండి. ఆ కాయలు పికిలిపిట్టలకి ఇష్టం, తిని వెళ్ళి చెట్ల మీద కూర్చుంటాయి, అందుకే వానల తర్వాత పెద్ద చెట్ల కిందే మొలకలు ఎక్కువ కనపడతాయి, అక్కడికి తప్పకుండా తిరిగెళ్ళాలి. మొలకప్పుడు రెండు వేళ్ళతో లాగితే వచ్చేస్తుంది, ఆకు నలిపితే ఘాటు వాసన, తెలిసిపోతుంది. ఇంకోటి, పొదలో చెయ్యి పెట్టేముందు గూడు ఉందేమో చూడండి. చిన్న పిట్టలకి వేరే చాటు లేని జాగాలో లాంటానానే ఇల్లు, అందుకే మేం పట్టీలు పట్టీలుగా తీస్తాం, పక్క పట్టీ ఉంచేసి. పాములుంటాయి కాబట్టి ముందు కర్రతో తట్టడం, కాళ్ళకి బూట్లు, ఇవి చెప్పక్కర్లేదనుకుంటా.

వయ్యారిభామతో సరదాలొద్దు. చర్మానికి తగిలితే దద్దుర్లు, పుప్పొడి పీలిస్తే ఆయాసం, కొంతమందికి బాగా ఎక్కువవుతుంది. గ్లౌజులు, నిండు చేతుల చొక్కా, మాస్క్ లేనివాళ్ళని మేం ఆ పనికి రానివ్వం, ఎలర్జీ ఉన్నవాళ్ళకి వేరే పని ఇస్తాం. పూత రాకముందే పీకాలి, ఒక్క మొక్క వేలల్లో విత్తనాలు రాలుస్తుంది. పూత వచ్చినదాన్ని కంపోస్టులో మాత్రం వెయ్యొద్దు.

మొక్కలు నాటలేదా అంటే నాటాం, కొన్నే, నీళ్ళు పోసే మనుషులు ఎంతమంది ఉన్నారో లెక్క చూసుకుని. నర్సరీ కవర్ పూర్తిగా తీసెయ్యడం, మొదలు చుట్టూ ఎండాకులు 5 నుంచి 10 సెంటీమీటర్ల మందంలో పరవడం, కాండానికి మాత్రం తగలకుండా గిన్నెలా ఖాళీ వదలడం, రోజూ చెంబెడు బదులు కొన్నాళ్ళకోసారి లోతుకి దిగేలా పొయ్యడం, అంతే. దీనికన్నా నాకు ముఖ్యమనిపించింది పాత చెట్ల పని. ఎప్పుడో నాటినప్పుడు పెట్టిన ఇనప ట్రీగార్డులు ఎవరూ తియ్యలేదు, చెట్టు లావై తీగ బెరడులోకి దిగిపోయింది. ఆకుల్లో తయారైన ఆహారం కిందికి దిగేది బెరడు లోపలి పొరలోనే, చుట్టూ బిగిస్తే వేళ్ళకి తిండి అందదు. బయటున్న తీగంతా కట్ చేసి తీశాం, లోపలికి దిగిన ముక్కలు లాగితే బెరడు ఊడొస్తుంది కాబట్టి వదిలేశాం. నాటినప్పుడు ఫోటోకి వచ్చినవాళ్ళు గార్డు విప్పడానికి కూడా వస్తే ఎంత బాగుండు.

రాలిన ఆకుల గొడవ ఇంకా నడుస్తోంది. చెట్ల కింద ఆకులు ఊడవకపోతే వాకింగ్‌కొచ్చే పెద్దాయనొకరు రోజూ, "ఏంటమ్మా, బాగుచేస్తామని చెత్త పెంచుతున్నారు" అంటారు. ఆకుల పొర తడి నిలుపుతుంది, పురుగులకి ఇల్లు, మట్టికి తిండి అని చెప్తే వినరు. ల్యాండ్‌స్కేప్ మీద పనిచేసే జోన్ నసౌవర్ అనే ఆవిడ 1995లో రాసిన వ్యాసంలో దీనికి మందు చెప్పారు, చిందరవందరగా కనిపించే ప్రకృతికి చుట్టూ నీటైన అంచు కనిపిస్తే జనం దాన్ని ఎవరో శ్రద్ధగా చూసుకుంటున్నట్టు తీసుకుంటారని. మేం ట్రాక్ పొడుగునా ఒక అడుగు శుభ్రంగా ఊడ్చి, ఎండిన కొమ్మలు వరసగా అంచున పేర్చాం. కంప్లయింట్లు సగానికి సగం తగ్గాయి, పెద్దాయన మాత్రం తగ్గలేదు.

మనుషుల విషయం. మొదటి ఆదివారం వచ్చినంతమంది మళ్ళీ ఎప్పుడూ రాలేదు. దానికి బాధపడటం మానేశాను, క్రమం తప్పని నలుగురైదుగురు ఉంటే పని నడుస్తుంది. వంగలేనివాళ్ళకి కూడా పనుంది, ఒక అంకుల్ మోకాళ్ళ నొప్పి వల్ల పొదల జోలికి రారు, ప్రతినెలా అవే గుర్తుల దగ్గర నిలబడి అదే వైపు ఫోటో తీస్తారు. సీజన్ అయ్యాక ఆఫీసుకి ఏ రిపోర్టూ రాయలేదు, ఆ ఫోటోలే వరసగా టేబుల్ మీద పరిచాం, గడువు పెంచడానికి ఆ సారే లెటర్ తయారుచేయించారు.

ఇప్పుడు కుంట కూడా మీరే చూసుకోండి అంటున్నారు. ఇక్కడ నా అభిప్రాయం గట్టిగానే చెప్తా. గుర్రపుడెక్క మామూలు మొక్క కాదు, అనుకూలంగా ఉంటే రెండు వారాల్లోనే రెట్టింపవుతుంది. కుంటలోకి మురుగు కాలువ వచ్చి పడుతోంది, నత్రజని, భాస్వరం ఉచితంగా దొరుకుతుంటే అది ఎందుకు పోతుంది. కాలువ మళ్ళించడం ఆఫీసు పని, వాలంటీర్లు నడుం విరిగేలా గుర్రపుడెక్క లాగుతుంటే ఆ పని ఇంకా వెనక్కి పోతుంది. అందుకని ముందు కాలువ, తర్వాత మేము అని రాసిచ్చాం. కుర్రాళ్ళకి నచ్చలేదు, ఆంటీ మాత్రం సంతకం పెట్టేశారు. కాలువ కొలతలు తీసుకోడానికి మనిషి వచ్చి వెళ్ళాడు, పని ఇంకా మొదలవలేదు. ఈలోపు వానలొచ్చాయి, చెట్ల కింద లాంటానా మొలకలు లేచాయి, ఆదివారం వాటి పని ఉంది, వచ్చేవాళ్ళు గ్లౌజులు తెచ్చుకోండి.