అనుదినాహారము

మినప్పప్పు నానబోసి పడుకున్నా నిద్ర పట్టట్లేదు. పొద్దుటి వాక్యం ఇంకా గుచ్చుతోంది.

"మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము." యేసు నేర్పిన ప్రార్థనలోని ఈ మాటమీదే ప్రసంగం. బయటి ఊరినుంచి వచ్చిన బోధకుడు. "గ్రీకులో అక్కడున్న మాట ఎపియూసియోస్. పదార్థానికి పైనున్న రొట్టె అని అర్థం. మీరింకా బియ్యం, పప్పుల కోసమే ప్రార్థిస్తున్నారా?" అన్నారు. నా ముందు వరసలో ముసలమ్మ తల దించేసుకుంది. కూలికెళ్తేనే పొయ్యి వెలిగే మనిషి. నాకు ఒళ్లు మండిపోయింది. అన్నం తింటూ కూడా అదే గోలా అని మావారు విసుక్కున్నారు.

గ్రీకు అనగానే అందరం నోరు మూసేసుకుంటాం, అదీ నా బాధ. ఆ మాట మత్తయి 6:11లో, లూకా 11:3లో కనిపించే ఆ ప్రార్థనలో తప్ప పాత రాతల్లో ఇంకెక్కడా నిక్కచ్చిగా దొరకలేదు. గ్రీకులోనే పెరిగిన క్రైస్తవ పండితుడు ఓరిజెన్ మూడో శతాబ్దంలోనే, దీన్ని పండితులూ వాడరు, జనమూ వాడరు, సువార్తికులే కల్పించినట్టుంది అన్నాడు. పాతకాలపు బైబిలు పండితుడు జెరోమ్ సువార్తల్ని లాటిన్‌లోకి దించుతూ ఈ ఒక్క మాటనే మత్తయిలో పదార్థాతీతమనీ, లూకాలో అనుదినమనీ రాశాడు. ఆయనకే తెగని ముడిని మైకులో ఒక్క ముక్కతో తెంపేస్తారా?

ఈజిప్టులో దొరికిన ఒక పాత ఇంటిఖర్చుల పద్దులో ఆ మాట ఉందని 1889లో అచ్చువేశారు. తర్వాత ఆ పద్దు రాసిన పపైరస్ కాగితం ఎటో పోయింది. 1998లో యేల్ విశ్వవిద్యాలయంలో బయటపడితే మళ్లీ చదివారు. అక్కడున్నది ఎపియూసియోస్ కాదు, నూనె అన్న మాటట! నూనె, పద్దు, ఖర్చు. నాకు ఇదే దగ్గరగా అనిపించింది.

అమ్మ ఎసట్లో పోసేముందు పిడికెడు బియ్యం తీసి దేవుడి డబ్బాలో వేసేది. ఒక ముసురులో బియ్యం డబ్బా అడుగున ఆమె గోళ్లు గీరుకున్న చప్పుడు నాకింకా వినిపిస్తుంది. "మనకే లేవు కదమ్మా" అని ఏడ్చాను. ఏమీ అనలేదు. పిడికిలి మాత్రం కాస్త చిన్నదైంది. ఆ రాత్రి గంజి తాగాక ప్రార్థనలో మళ్లీ అదే ముక్క. తినడం అయిపోయింది, పడుకోబోతున్నాం, ఇంకా "నేడు" ఏమిటి అనుకున్నాను.

ఆ మాటకి "రాబోయే రోజుది" అనే అర్థం కూడా చెబుతారు. అపొస్తలుల కార్యములు 16:11లో "మరునాడు" అన్నచోట దాని చుట్టపు మాటే ఉంది. బైబిల్లో చేరని హెబ్రీయుల సువార్త అనే పాత పుస్తకంలో "మాహర్", అంటే రేపటిది, అని ఉన్నట్టు జెరోమే రాశాడు. అమ్మ అడిగింది రేపటి గింజలనేమో.

కానీ మత్తయిలో ఈ ప్రార్థన ఉన్న అధ్యాయం చివరే "రేపటినిగూర్చి చింతింపకుడి" అనీ ఉంది. అరణ్యంలో దేవుడు ఇశ్రాయేలీయులకు కురిపించిన ఆహారం మన్నా, దాన్ని దాచుకుంటే పురుగు పట్టింది. విశ్రాంతి దినానికి ముందు మాత్రం రెండింతలు ఏరుకోమన్నాడు. ఇక్కడ నాకు తెగట్లేదు.

నిజం చెప్పాలంటే బోధకుడిదీ పూర్తిగా తప్పు కాదు. ఆ చిన్న పిడికిలి బియ్యమేనా, బియ్యానికి పైదా? పైదే అనిపిస్తోంది ఇప్పుడు. ఆ "ఇంకా" అన్న మాట ఒక్కటీ అనకుండా ఉంటే బాగుండేది.

ఆ ముసలమ్మ వాక్యానికి ముందే తన బియ్యం మూట బల్ల దగ్గర పెట్టింది. మేం లేచి వచ్చేసేటప్పుడు అది అక్కడే ఉంది.