మోడల్ తెరవకుండానే తలుపుల లెక్క

దేవరకొండ, నాగర్‌కర్నూల్ దిక్కు నుంచి పాలిటెక్నిక్ చేసి దోహా, రియాద్ ఆఫీసుల్లో రెవిట్ (భవనాల 3డీ డిజైన్ సాఫ్ట్‌వేర్) మోడళ్ల మీద కూర్చున్న మన పిల్లలకు గురువారం మధ్యాహ్నమంటే గుబులే. శుక్ర, శనివారాలు సెలవు. పాత రివిజన్‌కూ కొత్తదానికీ తలుపులు ఎన్ని మారాయో కన్సల్టెంట్‌కు ఆలోపే కావాలి. రెండు పెద్ద ఫైళ్లు తెరిచి తలుపుల పట్టికలు (షెడ్యూళ్లు) పక్కపక్కన పెట్టుకొని చూసేకన్నా, రెవిట్ తయారుచేసే కంపెనీదే అయిన ఆటోడెస్క్ ప్లాట్‌ఫామ్ సర్వీసెస్ ఏపీఐ (ప్రోగ్రామ్‌తో డేటా అడిగే దారి) నుంచి పైథాన్ కోడ్‌తో ఆ లెక్క లాగడం నయం. 2022 దాకా దీని పేరు ఫోర్జ్.

కోడ్ కంటే ముందు పర్మిషన్ సంగతి చూసుకోవాలి. ఆటోడెస్క్ సైట్‌లో యాప్ నమోదు చేస్తే దొరికే క్లయింట్ ఐడీ, సీక్రెట్ (పాస్‌వర్డ్ లాంటిది) ఇస్తే సుమారు గంటసేపు చెల్లే టోకెన్, అంటే తాత్కాలిక ప్రవేశపత్రం, వస్తుంది. టోకెన్ చేతిలో ఉన్నా 403 (అనుమతి లేదు) వస్తోందంటే, ఆ ఐడీని కంపెనీ అకౌంట్ అడ్మిన్ కస్టమ్ ఇంటిగ్రేషన్‌గా చేర్చలేదేమో అడగండి. కోడ్‌లో తప్పు వెతికితే పొద్దు పోతుందిగాని పని కాదు.

తర్వాత యూఆర్ఎన్, అంటే ఫైలును గుర్తించే చిరునామా. సొంత బకెట్‌లో (ఆటోడెస్క్ క్లౌడ్‌లోని మన నిల్వ) పెట్టిన ఫైలైతే ఆ ఫైలు ఆబ్జెక్ట్ ఐడీని బేస్64 అనే సంకేత రూపంలోకి మార్చి, ప్లస్ ఉన్నచోట హైఫన్, స్లాష్ ఉన్నచోట అండర్‌స్కోర్ పెట్టి, చివరి ఈక్వల్ గుర్తులు తీసేయాలి. కన్‌స్ట్రక్షన్ క్లౌడ్‌లోని (ఆటోడెస్క్ వాళ్ల ఆన్‌లైన్ ప్రాజెక్ట్ వేదిక) ఫైలుకు వెర్షన్ వివరాల్లో డెరివేటివ్స్ కింద తయారుగానే దొరుకుతుంది. దాన్ని మళ్లీ ఎన్‌కోడ్ చేయొద్దు.

మెటాడేటా కాల్‌కు వ్యూల జాబితా వస్తుంది, ఒక్కోదానికి ఒక జీయూఐడీ (ప్రత్యేక గుర్తింపు సంఖ్య). ఇక్కడ తొందరపడొద్దు. మామూలు 3డీ వ్యూలో ఎవరో దాచేసిన తలుపులు లెక్కలోకి రావు. ఫైలును ట్రాన్స్‌లేట్ చేసేటప్పుడే (ఏపీఐ చదవగలిగే రూపంలోకి మార్చేటప్పుడే) జనరేట్ మాస్టర్ వ్యూస్ ట్రూ అని పెట్టి, మాస్టర్ వ్యూ జీయూఐడీతోనే ప్రాపర్టీస్ అడగాలి. గదులు కూడా అందులోనే దొరుకుతాయి.

అన్నిటికంటే మోసం చేసేది 202 అనే జవాబు కోడ్. డేటా ఇంకా సిద్ధం కాలేదని దానర్థం. పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీలో ఎర్రర్లు పట్టే రైజ్ ఫర్ స్టేటస్ దీన్ని పట్టదు, 400 నుంచి పైవాటినే పడుతుంది. స్క్రిప్ట్ ఎర్రర్ లేకుండా సున్నా తలుపులని ఎక్సెల్‌లో రాసేస్తుంది, అది అట్లే కన్సల్టెంట్‌కు పోతుంది. అందుకే 200 (డేటా సిద్ధం) వచ్చేదాకా కాసిన్ని సెకన్లు ఆగి మళ్లీ అడిగే లూప్ రాయాలి. 413 వస్తే జవాబు మరీ పెద్దదని అర్థం. ఫోర్స్‌గెట్ ట్రూ జోడించాలి, లేదా క్వెరీ కాల్‌తో పేజీలుగా తెచ్చుకోవాలి.

రెండు రివిజన్లు పోల్చేటప్పుడు ఒక్కో తలుపుకు వచ్చే ఆబ్జెక్ట్ ఐడీని (పైన చెప్పిన ఫైలు ఐడీ కాదు) నమ్మొద్దు, ట్రాన్స్‌లేట్ చేసినప్పుడల్లా అది మారొచ్చు. ఎక్స్‌టర్నల్ ఐడీ, తలుపుకు రెవిట్ ఇచ్చే యూనిక్ ఐడీయే కాబట్టి దాంతోనే జోడీ కలపాలి. ఎత్తు, వెడల్పులు కూడా యూనిట్ తగిలించిన అక్షరాలుగానే రావొచ్చు, మిల్లీమీటర్లు విడదీశాకే పోల్చండి.

యాప్‌ను సొంత మెయిల్ మీద తెరవొద్దు, కంపెనీ అకౌంట్ మీదే ఉండాలి. గల్ఫ్‌లో ఉద్యోగం మారితే వీసా కూడా కదులుతుంది, ఆ హడావిడిలో యాప్ ఎవరికి అప్పజెప్పాలో ఎవరికీ తట్టదు. సీక్రెట్‌ను స్క్రిప్ట్‌లో రాయకుండా ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో (కోడ్ బయట ఉండే కంప్యూటర్ సెట్టింగ్) పెట్టండి. తర్వాత వచ్చేవాడికి వాట్సాప్‌లో పంపేబదులు యాప్ పేజీలో కొత్త సీక్రెట్ పుట్టించి ఇవ్వడం మేలు.