రికార్డు పుస్తకంలో 15:2

తిరుపతి హాస్టల్లో బి.ఎస్సీ. నర్సింగ్ చదువుతున్న తొలి రోజుల్లో ఒక సీనియర్ అక్క తన ప్రొసీజర్ రికార్డును నాకు ఇచ్చారు. అందులో సీపీఆర్ (గుండె ఆగిపోయినవారికి ఛాతీ నొక్కి, శ్వాస ఇచ్చే పద్ధతి) పేజీలో, పెద్దవారికి 15 సార్లు ఛాతీ నొక్కి 2 సార్లు శ్వాస ఇవ్వాలని రాసి, కింద ఎర్ర సిరాతో గీత కూడా గీసి ఉంది. ఆమె తన సీనియర్ రికార్డులోంచి, ఆ సీనియర్ మరెవరి రికార్డులోంచో దించుకున్నదే అది. నేనూ అలాగే దించేసేదాన్ని. కానీ ఆ వారమే స్కిల్ ల్యాబ్‌లో మా మేడమ్ మానికిన్ (శిక్షణకు వాడే మనిషి బొమ్మ) పక్కన మోకాళ్లపై కూర్చుని, ప్రతి నొక్కుకూ అది టక్కుమంటుండగా, ముప్పై దాకా పైకి లెక్కపెట్టారు.

తరువాత తెలిసిందేమిటంటే, పెద్దవారికి 30:2 అన్నది 2005 మార్గదర్శకాలతో వచ్చింది. ముందు శ్వాసమార్గం, తరువాత శ్వాస, ఆపైన ఛాతీ నొక్కడం అన్న ఎ-బి-సి వరుసను 2010లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ సి-ఎ-బి చేసి, నొక్కడాన్ని ముందుకు తెచ్చింది. నొక్కులు నిమిషానికి 100 నుంచి 120, లోతు 5 సెంటీమీటర్లకు తగ్గకుండా 6 దాటకుండా అనే వాటిలో 120, 6 అన్న గరిష్ఠ హద్దులు 2015లో చేరాయి. కనుక ముద్రణ సంవత్సరం చిరిగిపోయిన పుస్తకానికి కూడా ఈ అంకెలను బట్టి వయసు కట్టవచ్చు. అలాగని 15:2 కనిపించిన ప్రతిచోటా కొట్టేయడమూ తప్పే. పిల్లలకు, పసికందులకు ఇద్దరు ఆరోగ్య సిబ్బంది కలిసి సీపీఆర్ చేసేటప్పుడు అదే నిష్పత్తి.

ఇప్పుడు నేను యూట్యూబ్ వీడియోను ఎంతమంది చూశారన్నది పట్టించుకోను, ఏ సంవత్సరపు మార్గదర్శకాలను అనుసరిస్తోందో చూస్తాను. అది చెప్పని వీడియోను మూసేస్తాను. ఆ మార్గదర్శకాల అసలు పాఠం అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వారి సర్క్యులేషన్ పత్రికలో ఉచితంగానే దొరుకుతుంది. 2025 అక్టోబరులో వెలువడినదాంట్లో, పసికందుల ఛాతీని రెండు వేళ్లతో నొక్కే పద్ధతిని తీసేసి, రెండు చేతులతో ఛాతీని చుట్టి బొటనవేళ్లతో గాని, ఒక అరచేతి మడమతో (మణికట్టు దగ్గరి భాగంతో) గాని నొక్కమన్నారు. మా రికార్డులో రెండు వేళ్ల బొమ్మ ఎంతో అందంగా వేసి ఉంది, పాపం. దాని పక్కన పెన్సిల్‌తో 2025 అని రాసుకున్నాను.

మన దేశంలో ఇండియన్ రిససిటేషన్ కౌన్సిల్ 2017లో ప్రకటించిన కాల్స్ (COLS, కంప్రెషన్ ఓన్లీ లైఫ్ సపోర్ట్) పద్ధతి, శిక్షణ లేని సామాన్యులను శ్వాస ఇవ్వమనకుండా ఛాతీ నొక్కడం ఒక్కటే చేయమంటుంది. మొదట దీనికీ మా 30:2కీ పొంతన లేదనుకుని గాభరా పడ్డాను గాని, 30:2 వార్డులో ఉండే మాకు, కాల్స్ రోడ్డు మీద పోయేవారికి. సంక్రాంతికి పలమనేరు వెళ్లినప్పుడు మా పెదనాన్న, “ముక్కు మూసి నోట్లో గాలి ఊదాలంట కదమ్మా?” అని అడిగితే, మీరు ఊదనక్కరలేదు, 108కి ఫోన్ చేయించి నొక్కుతూ ఉండండి చాలు అని చెప్పి, రొమ్ము ఎముక దిగువ సగం మీద ఆయన చేతినే పెట్టి చూపించాను.