నన్ను బతికించిన మందు ఇప్పుడు దొరకదు

నాకు ఫాలిక్యులర్ లింఫోమా అని 2006లో తేలింది. తెల్ల రక్తకణాల్లో ఒక రకమైన బి కణాలకు వచ్చే కాన్సర్ ఇది. మెల్లగా పెరుగుతుంది, తగ్గినట్టే తగ్గి మళ్లీ వస్తుంది. మొదటి విడత గురించి పెద్దగా రాయను. బయాప్సీ, కీమో, దాంతోపాటు రిటుక్సిమాబ్ అనే మందు, జుట్టు ఊడటం, మళ్లీ ఆఫీసు, అందరూ పడేదే నేనూ పడ్డాను. 2009లో గజ్జల్లో గడ్డలు మళ్లీ చేతికి తగిలాయి. అసలు కథ అక్కణ్ణించి.

మేముండేది డెట్రాయిట్ శివార్లలో. అప్పటి మా ఆంకాలజిస్టు మంచివాడే, ఎప్పుడు ఫోన్ చేసినా పలికేవాడు. గడ్డలు చూసి మళ్లీ కీమో అన్నాడు. నేనేమో అప్పటికి రాత్రుళ్లు కూర్చుని చదివి చదివి బెక్సార్ అనే రేడియోధార్మిక మందు దగ్గర ఆగాను. దాన్ని లింఫోమా రోగులకు ఇచ్చే పద్ధతి తేల్చింది ఎక్కడో కాదు, మా ఇంటికి ముప్పావు గంట దూరంలోని ఆన్ ఆర్బర్‌లో, మిషిగన్ యూనివర్సిటీలో, మార్క్ కామిన్‌స్కీ, రిచర్డ్ వాల్ అనే ఇద్దరు డాక్టర్లు. అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ దానికి 2003లోనే అనుమతి ఇచ్చింది. 2005లో వాళ్లు ప్రచురించిన లెక్కలు నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. అంతకుముందు ఏ వైద్యమూ జరగని 76 మందికి ఒక్క విడత ఇస్తే 95 శాతం మందిలో గడ్డలు తగ్గాయి, 75 శాతం మందిలో పూర్తిగా పోయాయి. నాలాగా కీమో పడి జబ్బు తిరగబెట్టినవాళ్లలో అంత బాగా పనిచెయ్యదని తెలుసు, అయినా ఆశ పుట్టింది.

అడిగితే ఆయన నవ్వి, "అదంతా న్యూక్లియర్ వ్యవహారం, ఇంకేదీ పనిచెయ్యనప్పుడు చూద్దాంలే" అన్నాడు. ఇంకేదీ పనిచెయ్యనప్పుడు అంటే ఎప్పుడు, మూలుగ అరిగిపోయి, దాన్ని తట్టుకునే శక్తి కూడా లేనప్పుడా? తర్వాత తెలిసిందేమిటంటే, కీమో ఆయన క్లినిక్‌లోనే ఎక్కిస్తారు, ఆ బిల్లు ఆయనకే వస్తుంది, బెక్సార్‌కు మాత్రం రోగిని రేడియోధార్మిక పదార్థాలు వాడే లైసెన్సున్న పెద్దాసుపత్రికి పంపాలి. ఆయన డబ్బు కోసమే అలా అన్నాడని నేననను, ఆయన మనసులో ఏముందో నాకేం తెలుసు. కానీ నా భార్య ఆ రోజే వేరే డాక్టరు అపాయింట్‌మెంట్ తీసుకుంది. ఆవిడ పట్టుదలకు నేను రుణపడి ఉన్నాను, పెళ్లైన కొత్తలో అదే పట్టుదల మీద విసుక్కునేవాణ్ణి కూడా.

మందు సంగతి తేలికగానే చెప్పొచ్చు. బి కణాల ఒంటి మీద సీడీ20 అనే ప్రొటీన్ ఉంటుంది. దాన్ని వెతుక్కుంటూ వెళ్లి అతుక్కునే యాంటీబాడీకి అయొడిన్-131 తగిలిస్తారు. అది విడిచే బీటా కిరణాలు మహా అయితే రెండు మూడు మిల్లీమీటర్లు పోతాయి, కాబట్టి యాంటీబాడీ అందని పక్క కణాలు కూడా చస్తాయి. ఆ యాంటీబాడీ ఎలుక కణాల నుంచి తీసినది. అది విని మా అమ్మ, "వినాయకుడు వాహనాన్ని పంపాడు నాన్నా" అని దణ్ణం పెట్టుకుంది. సైన్సు చదువుకున్న నేను ఏమీ అనలేదు, ఆ రోజుల్లో ఎవరు ధైర్యం చెప్పినా పుచ్చుకునేవాణ్ణి.

ముందు చిన్న డోసు ఇచ్చి, గామా కెమెరా కింద కొన్ని స్కాన్లు తీసి, నా ఒంట్లో మందు ఎంతసేపు నిలుస్తుందో చూసి అసలు డోసు లెక్క కట్టారు. థైరాయిడ్ ఆ అయొడిన్‌ను పీల్చుకోకుండా అంతకుముందు నుంచే రోజూ చుక్కల మందు వేసుకోవాలి, ఆరెంజ్ జ్యూస్‌లో కలిపినా ఇనుము నాకినట్టుండేది. అసలు డోసు రోజు సీసం డబ్బాలో మందు తెచ్చారు, ఎక్కించడం అయ్యాక ఒకాయన మీటరు దూరంలో నిలబడి కొలత పరికరం నా వైపు పెడితే అది టకటకమంది. అంతే, ఇంటికి పొమ్మన్నారు. కొన్నాళ్లు విడిగా పడుకోవాలి, నాలుగేళ్ల పాపను దగ్గరికి రానివ్వకూడదు. అయొడిన్-131 ఎనిమిది రోజులకు సగమవుతుందని పాపకు ఎలా చెప్తాం, తలుపు అవతల కూర్చుని ఏడ్చేది.

న్యూక్లియర్ మెడిసిన్ డాక్టరు, పెద్దావిడ, వెళ్లేటప్పుడు ఒక కాగితం చేతిలో పెట్టింది. కీమోలో అయితే రక్తకణాల కౌంట్లు రెండు వారాల్లోపే పడతాయి, దీనికి నాలుగు నుంచి ఏడు వారాల మధ్య పడతాయి, అప్పుడే జాగ్రత్త అని అందులో రాసి ఉంది. నా భార్య దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది.

డోసు నవంబరు చివర్లో ఇచ్చారు. భోగి ముందు రోజు రాత్రి, బయట మంచు కురుస్తోంది, అమ్మ వంటింట్లో అరిసెల పిండి కలుపుతోంది. నా ముక్కు నుంచి రక్తం మొదలైంది. పది నిమిషాలు నొక్కి పట్టుకున్నా ఆగలేదు. అమ్మ పిండి చేతులతోనే బేసిన్ తెచ్చి గడ్డం కింద పెట్టింది. పాంటు పైకి లాగి చూస్తే మోకాళ్ల కింద అంతా ఎర్రటి సూదిమొన చుక్కలు. నా భార్య ఒక్క మాటా అనలేదు, ఫ్రిజ్ మీద కాగితం పీకి జేబులో పెట్టుకుని కారు తాళాలు తీసింది.

ఎమర్జెన్సీలో కుర్ర డాక్టరు ఫైలు తిరగేసి, "రేడియేషన్ ఇచ్చి నెల దాటింది కదా, దానికీ దీనికీ సంబంధం లేదు, చలికాలం పొడి గాలికి చాలామందికి ఇలా అవుతుంది" అన్నాడు. ముక్కులో దూది కుక్కి ఇంటికి పంపబోయాడు. ఎంత తేలిగ్గా అన్నాడో! నా భార్య కాగితం తీసి బల్ల మీద పెట్టి, "రక్త పరీక్ష చెయ్యకుండా మేం కదలం" అంది. ప్లేట్‌లెట్లు తొమ్మిది వేలు. లక్షన్నర ఉండాల్సినవి. అక్కణ్ణించి అందరూ పరిగెత్తారు. ఆ రాత్రి ప్లేట్‌లెట్లు ఎక్కుతుంటే కళ్లు మూసుకోవడానికే భయమేసింది, నిద్రలో మెదడులో రక్తం చిమ్మితే ఎవరికి తెలుస్తుంది? పాప ముఖమే కనిపించేది. ఆ కుర్రాడు తెల్లవారాక వచ్చి పలకరించాడు, సారీ మాత్రం చెప్పలేదు. ఇన్నేళ్లైనా ఆ కోపం నాకు పోలేదు, పోవాలని కూడా లేదు.

మార్చి నాటికి కౌంట్లు కోలుకున్నాయి, వేసవిలో స్కాన్ శుభ్రంగా వచ్చింది. గమ్మత్తేమిటంటే బెక్సార్‌తో జుట్టు ఊడలేదు. అమ్మ తలనీలాలు మొక్కుకుంది కదా, కీమో అయ్యుంటే ఇవ్వడానికి ఏం మిగిలేది! కల్యాణకట్టలో మంగలి కత్తి ఆడుతుంటే నేను నవ్వుతూనే ఉన్నాను, ఆయన విచిత్రంగా చూశాడు.

2014 ఫిబ్రవరిలో కంపెనీ బెక్సార్‌ను ఆపేసింది. పనిచెయ్యక కాదు, వాడేవాళ్లు లేక. నాకు మళ్లీ జబ్బు వస్తే ఇదే వైద్యం ఇంకోసారి దొరకదు. తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

యాంటీబాడీకి రేడియోధార్మిక పదార్థం తగిలించే ఈ దారి మూసుకుపోలేదు లెండి. సియాటిల్‌లోని ఫ్రెడ్ హచ్ కాన్సర్ పరిశోధన కేంద్రంలో ఆలివర్ ప్రెస్, ఆయన తోటివాళ్లు ఏళ్ల తరబడి దీని మీదే పనిచేశారు, ఆయన 2017లో పోయారు. అక్కడ మొదలైన, రక్తకణాల మీదుండే సీడీ45 అనే ప్రొటీన్‌కు అతుక్కునే యాంటీబాడీకి అయొడిన్-131 తగిలించిన మందును, 55 దాటి, మందులకు లొంగని ఏఎంఎల్ అనే రక్త కాన్సర్ ఉన్న 153 మంది మీద, మూలుగ మార్పిడికి ముందు ఇచ్చే వైద్యంగా పరీక్షించారు. ఆరు నెలలు నిలిచిన పూర్తి ఉపశమనం ఈ మందు వైపు 17 శాతం మందిలో కనిపించింది, మామూలు వైద్యం వైపు ఒక్కరికీ లేదు. కానీ అటువైపు చాలామందికి తర్వాత ఇదే మందు ఇవ్వడంతో, మొత్తమ్మీద ఎవరు ఎక్కువకాలం బతికారో తేలలేదు. ఇంకో ట్రయల్ చెయ్యమని ఎఫ్‌డీఏ 2024లో అంది. కోపమొస్తుంది గానీ వాళ్లు అడిగిందీ న్యాయమే.

మీలో ఎవరైనా ఇలాంటి ట్రయల్‌లో చేరుతుంటే రెండు మాటలు. కౌంట్లు ఏ వారాల్లో పడతాయో రాయించుకుని ఇంట్లో అందరికీ కనిపించేలా పెట్టండి. అయొడిన్ అయితే కొన్ని వారాలపాటు ఎయిర్‌పోర్టులో అలారం మోగొచ్చు, డాక్టరు చీటీ దగ్గర ఉంచుకోండి. ఏళ్లు గడిచినా ఏడాదికోసారి రక్త పరీక్ష మానకండి, మూలుగ జబ్బు తర్వాతైనా రావచ్చు. థైరాయిడ్ కూడా చూపించుకోండి. అన్ని చుక్కలు మింగినా నాది దెబ్బతింది. రోజూ పరగడుపున మాత్ర వేసుకుని కాఫీ కోసం గంట ఆగాలి, దానికి మాత్రం ఇప్పటికీ రోజూ పొద్దున్నే విసుక్కుంటాను.