ట్యాంకులో కర్ర

మా దీవిలో వాన పడి నాలుగు నెలలు దాటింది. నీళ్ల వాడకం మీద ఆంక్షలు ఇంకా ఏమీ లేవు, "వీలైనంత పొదుపుగా వాడండి" అన్నారంతే. ఈ "వీలైనంత" ఉంది చూశారూ, అంత పనికిరాని మాట ఇంకోటి లేదు, ఎందుకంటే ఎవరింట్లో వాళ్లు తాము పొదుపుగానే ఉన్నామనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఒకరోజు మోటారు వేయకుండా ట్యాంకులోకి పొడుగాటి కర్ర దించి, తడి ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ గీత పెట్టాను, మర్నాడు అదే టైముకి మళ్లీ దించాను. 14 సెంటీమీటర్లు తగ్గింది! చదరపు మీటరుకు ఒక సెంటీమీటరు తగ్గితే 10 లీటర్లు, మా ట్యాంకు అడుగు 4 చదరపు మీటర్లు, అంటే 560 లీటర్లు. నలుగురం ఉన్నాం, తలా 140. ఎవరు అంతంత వాడారని ఇంట్లో చిన్న గొడవ కూడా అయింది.

అసలు దొంగ వేరే ఉంది. రాత్రి అందరూ పడుకున్నాక ఒకసారి, తెల్లారి ఎవరూ లేవకముందు ఒకసారి కొలిస్తే, ఎవరూ వాడకుండానే 2 సెంటీమీటర్లు, అంటే 80 లీటర్లు పోయాయి. కుళాయిలన్నీ చూశాను, చుక్క కారట్లేదు. చివరికి ఫ్లష్ ట్యాంకులో కాస్త ఎర్ర రంగు కలిపి, ఫ్లష్ చేయకుండా అరగంట ఆగి చూస్తే కింద కమోడ్‌లో నీళ్లు ఎర్రగా ఉన్నాయి. అడుగున ఉండే రబ్బరు మూత అరిగిపోయింది. చప్పుడు కూడా రాలేదు, అదీ బాధ. పసిఫిక్ సముద్రంలో తువాలు అనే చిన్న దీవుల దేశం ఉంది, అక్కడ 2011 కరవప్పుడు రాజధాని ఫునాఫుటిలో ఇంటికి రోజుకు 40 లీటర్లే ఇచ్చారు. మా ఫ్లష్ ఒక్క రాత్రిలో రెండిళ్ల రేషన్ మింగేసిందన్నమాట.

"నా బావి, నా మోటారు, నీకేంటి" అనేవాళ్లు ఇక్కడా ఉన్నారు. చిన్న దీవిలో ఎవరి బావీ వాళ్లది కాదండీ. ఇంకిన వాన నీళ్లు తేలిక కాబట్టి, కింద ఉన్న ఉప్పునీళ్ల మీద పొరలా తేలుతుంటాయి, అందరం తోడేది ఆ పొరనే. నీటిమట్టం సముద్రం కన్నా ఒక అడుగు ఎత్తులో ఉంటే కింద సుమారు 40 అడుగుల మంచినీళ్లు ఉంటాయని లెక్క. మట్టం అడుగు తగ్గి అలాగే ఉండిపోతే, కింద నుంచి ఉప్పు అన్ని అడుగులూ మెల్లగా పైకొస్తుంది. ఒకేసారి గంటలకొద్దీ మోటారు వేస్తే బావి కిందే ఉప్పు ఇంకా తొందరగా ఎగదన్నుతుంది, అందుకే మేం ఇప్పుడు కాసేపు వేసి ఆపేస్తున్నాం. ఒకసారి ఉప్పెక్కిన బావి ఒక్క వానతో బాగుపడదు.

రబ్బరు మూత మార్చాం. షవర్ మానేసి బకెట్, మగ్గు. బట్టలు జాడించిన నీళ్లు టాయిలెట్‌కి. ఇప్పుడు రోజుకు 8 సెంటీమీటర్లు, అంటే తలా 80 లీటర్లు. తలస్నానం రోజు మాత్రం నేను రెండో బకెట్ దగ్గర ఆగలేకపోతున్నాను, ఆ రోజు గీత ఎక్కడుందో పిల్లలు గట్టిగా చదివి మరీ వినిపిస్తున్నారు. మొన్న పక్కింటి ఆంటీ వచ్చి, "ఏదమ్మా, ఆ కర్ర ఒకసారి ఇవ్వు" అని పట్టుకెళ్లారు. ఇంకా తిరిగివ్వలేదు.