దవడ కింద నీడ

పొద్దున కాఫీ తాగుతుంటే అత్తయ్య నాకేసి తేరిపార చూసి, “ఏటమ్మా, చిక్కినట్టున్నావు. సరిగ్గా తింతన్నావా లేదా?” అన్నారు. చిక్కలేదు. జాకెట్లన్నీ ఎప్పటిలాగే బిగుతుగా ఉన్నాయి. చెవి కింద మూల నుంచి గడ్డం దాకా ఎముక వెంబడి ఫిల్లర్, అంటే సూదితో చర్మం కింద నింపే జెల్, వేయించుకున్నానని ఆవిడకి తెలీదు. మొహంలోకి ఎక్కించుకున్నదాన్ని చూసి చిక్కానంటున్నారంటే డాక్టరమ్మ చెయ్యి మంచిదే. “ఉక్కపోత కదా అత్తయ్యా, తిండి సయించట్లేదు” అనేసి గ్లాసు కడిగి పెట్టేశాను.

వేయించుకున్న కొత్తల్లో దాచడం కష్టమైంది. దవడ బరువుగా, తాకితే నొప్పిగా ఉండేది. ఎడమ పక్క కమిలి ముందు ఊదాగా, తర్వాత పచ్చగా మారింది. పంటి నొప్పని చెప్పాను. ఇక చూస్కోండి, లవంగ నూనెలో ముంచిన దూది, ఉప్పు నీళ్ళ పుక్కిలింత, పైగా “రా, ఆవిరి పడతాను, వాపు లాగేస్తది” అని ఒకటే పోరు. డాక్టరమ్మేమో మొదట్లో వేడి తగలనివ్వద్దు, రుద్దొద్దు, దవడ దిండుకి ఒత్తుకునేలా పడుకోవద్దు అని మరీ మరీ చెప్పి పంపారు. అత్తయ్య ఆవిరి గిన్నె తప్పించుకోవడానికి స్టూడియోలో ఆల్బమ్ పని ఎక్కువుందని పొద్దుపోయేదాకా అక్కడే ఉండిపోయేదాన్ని.

ఈ రోజు రివ్యూ. వాపు పూర్తిగా దిగి, జెల్ కుదురుకుని, అసలు రూపం తెలియడానికి సుమారు రెండు వారాలు పడుతుంది, అందుకని అప్పుడు రమ్మంటారు. ఆసీల్‌మెట్టలో సంపత్ వినాయగర్ గుడి ముందు కొత్త బళ్ళ పూజలు, నిమ్మకాయలు, టెంకాయలు. ఆటో కదలదు. సిరిపురంలో దిగేసరికి చెమటతో ముద్దయ్యాను.

క్లినిక్‌లో గోడ నిండా ‘ముందు’, ‘తర్వాత’ ఫొటోలు. మా ఆయన ఫొటోలు తీస్తారు, నేను ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. డాబాగార్డెన్స్‌లో మా బతుకుతెరువు అదే. అలాంటిదాన్ని ఆ గోడకెదురుగా కూర్చోబెడితే కాలు నిలుస్తుందా? ‘ముందు’ ఫొటోలో ఎదురుగా ఫ్లాష్ కొట్టారు, తల వెనక్కి లాక్కుని, గడ్డం మెడలోకి దించి ఉంది. ‘తర్వాత’లో వెలుగు కాస్త పై నుంచి వచ్చింది, గడ్డం ముందుకి చాచి ఉంది, జుట్టు వెనక్కి ముడేశారు. సూది గుచ్చకుండా అందులో సగం తేడా నేను తెప్పించగలను. వేయించుకోవాలనుకునేవాళ్ళు మొహం కంటే ముందు ఆ రెండు ఫొటోల్లో వెలుగు ఎటు నుంచి పడిందో చూసుకోవాలి. సెల్ఫీని అసలే నమ్మకూడదు. చెయ్యి చాచినంత దూరంలోంచి తీస్తే ముక్కు పెరుగుతుంది, దవడ తరుగుతుంది. అది చూసుకుని దిగులు పడి డాక్టర్ల దగ్గరికి పోయేవాళ్ళు కూడా ఉన్నారు.

ఫొటోలో దవడ గీత అని మనం చూసేదంతా నీడే. పై నుంచి వెలుగు పడితే ఎముక అంచు మెడ మీద నీడ వేస్తుంది. ఆర్కే బీచ్‌లో తెల్లవారుజామున ప్రీవెడ్డింగ్ షూట్లకి ఈ చిక్కే వస్తుంది. సూర్యుడు సముద్రంలోంచి తిన్నగా మొహానికి ఎదురుగా లేస్తాడు. ఆ ఎండలో ఒంటి రంగు బ్రహ్మాండంగా వస్తుంది గానీ గడ్డం కింద నీడ పడదు, దవడా మెడా ఒక్కటైపోతాయి. మా ఆయన జంటని నీళ్ళకి పక్కవాటుగా తిప్పుతారు, లేదంటే ఎండ కొంచెం పైకెక్కేదాకా టీలు తాగిస్తారు.

వయసు మీద పడ్డాక ఆ నీడ తెగుతుంది. గడ్డానికి అటూ ఇటూ చిన్న పల్లం, దాని వెనకాల బుగ్గ కిందికి జారిన ఉబ్బు. చర్మం వదులవడమే దీనికి కారణమని నేననుకునేదాన్ని. అదొక్కటే కాదట. దవడ ఎముక కూడా ఏళ్ళు గడిచేకొద్దీ తరుగుతుంది, మొహంలోని కొవ్వు తిత్తులు కిందికి దిగుతాయి. గడ్డం పక్కన చర్మాన్ని ఎముకకి పట్టి ఉంచే లిగమెంట్ ఉంటుంది, జారిన బుగ్గ దాని దగ్గర ఆగి వేలాడుతుంది. ఆ ఉబ్బుని ముట్టుకోకుండా దాని ముందున్న పల్లాన్ని నింపితే తెగిన గీత కలుస్తుంది. చెవి కింద మూలలో కొంచెం పెడితే కోణం తేలుతుంది. డాక్టరమ్మ అద్దంలో చూపిస్తూ పెన్సిల్‌తో గీసిన చుక్కలు, పెళ్ళికూతుళ్ళ తల్లుల ఫొటోల్లో నేను ఫొటోషాప్ లిక్విఫై బ్రష్ పెట్టి నెట్టే చోట్లు ఒకటే. గీయడం కూర్చోబెట్టే గీశారు. పడుకుంటే బుగ్గలు వెనక్కి పోతాయి, జారుడు దాక్కుంటుంది.

లోపలికి వెళ్ళింది హైలురానిక్ యాసిడ్ జెల్. యాసిడ్ అనగానే గుండె ఝల్లుమంది గానీ అది మన చర్మంలో, కీళ్ళలో, కంట్లో ఉండే పదార్థమే. 1934లో న్యూయార్క్‌లో కార్ల్ మేయర్, జాన్ పామర్ దాన్ని మొదట ఆవు కంటిలోని జిగురు నుంచే వేరు చేశారు. ఒంట్లో దానంతటది త్వరగా కరిగి కొత్తది పుడుతూ ఉంటుంది. అందుకని ఫిల్లర్‌లో దాని పోగుల్ని రసాయనంతో ఒకదానికొకటి ముడివేస్తారు, అప్పుడు నెలల తరబడి నిలుస్తుంది. పెదవులకి మెత్తనిది, దవడకి ఒత్తినా అణగని గట్టిది. సిరంజీకి ఒక మిల్లీలీటరు, అంటే టీ చెంచాలో ఐదో వంతు. నాకు రెండు పక్కలా కలిపి మూడు పట్టాయి. ఆ డబ్బుకి మా ఆయన చాన్నాళ్ళుగా అడుగుతున్న లెన్స్ వచ్చేది. ఆయనకి ఆ సంగతి తెలుసు, ఇంతవరకు ఎత్తలేదు, ఎప్పుడో ఎత్తుతారు.

నన్ను నిజంగా భయపెట్టింది రక్తనాళం సంగతి. డాక్టరమ్మ పళ్ళు బిగపట్టమన్నారు. దవడ వెనక కండ ఉబికింది. దానికి కాస్త ముందు, ఎముక అంచు మీద నా వేలు పట్టుకుని ఆనించారు. టక్ టక్ మని నాడి కొట్టుకుంటోంది. మొహానికి రక్తం తీసుకెళ్ళే ధమని అక్కడ ఎముకని దాటి పైకెళ్తుంది. జెల్ పొరపాటున అందులోకి వెళ్తే రక్తం ఆగి చర్మం చచ్చిపోవచ్చు. చాలా అరుదుగా కంటిచూపు కూడా పోయిన కేసులున్నాయి. అందుకే ఆ ప్రాంతంలో మొన మొద్దుగా ఉండే సన్న గొట్టంతో (క్యాన్యులా), మెల్లగా, కొంచెం కొంచెంగా వేశారు. జెల్‌లోనే మత్తుమందు కలిసి ఉంటుంది కాబట్టి నొప్పి తక్కువే. లోపల ఏదో తోసుకుపోతున్న ఒత్తిడి, చెవి దగ్గర కరకరమని చిన్న చప్పుడు. ఇంటికెళ్ళాక చర్మం తెల్లబడినా, వలలా నీలం మచ్చలు తేలినా, నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా అర్ధరాత్రైనా ఫోన్ చెయ్యమన్నారు. హైలురానిక్ జెల్‌ని కరిగించే హైలురానిడేజ్ అనే మందు ఉంటుంది. అది క్లినిక్‌లో సిద్ధంగా ఉందా అని నేను ముందే అడిగాను, ఫ్రిజ్ తీసి చూపించారు. వేసేది ప్లాస్టిక్ సర్జనైనా, చర్మవైద్యులైనా మనం అడగాల్సిన ప్రశ్న అది. బ్యూటీపార్లర్లో ఫేషియల్‌తో పాటు ఫిల్లర్ కూడా వేస్తామనేవాళ్ళని అడగక్కర్లేదు, లేచి వచ్చేయడమే.

ఈ రోజు డాక్టరమ్మ వేళ్ళతో రెండు పక్కలా తడిమి, గడ్డలేవీ లేవన్నారు. తర్వాత ఫొటోలు. వాళ్ళ ఫొటోలు వాళ్ళు తీసుకున్నాక నేను నావి తీసి చూపించాను. సూదికి ముందు రోజు ఒకటి, నిన్న ఒకటి. అదే లెన్స్, అంతే దూరం, వెలుగు నలభై ఐదు డిగ్రీల ఎత్తు నుంచి, తల నిటారుగా. ఎదురుగా తీసిన జతలో ఏది ముందుదో ఏది తర్వాతదో మా ఆయన కూడా తప్పు చెప్పారు. ముప్పాతిక మొహం తిప్పి తీసినదాంట్లో మాత్రం చెవి కింద మొదలైన నీడ ఎక్కడా తెగకుండా గడ్డం దాకా నడిచింది. అంతే తేడా. ఎడమ పక్క పల్లం ఇంకా పిసరంత కనిపిస్తోంది, కావాలంటే ఇంకొంచెం వేస్తానన్నారావిడ. వద్దన్నాను. నా ఎడమ దవడ చిన్నప్పటి నుంచీ కుడిదాని కంటే చిన్నదే. రెండూ అచ్చుగుద్దినట్టుండే మొహం నా కంప్యూటర్ మీద ఇంతవరకు ఒక్కటీ కనపడలేదు.

నా తర్వాత వెళ్ళిన పెద్దావిడ చప్పుడు చేస్తూ బయటికొచ్చారు. “వెయ్యరట నాకు” అన్నారు పక్కనున్న కూతురితో. గడ్డం కింద కొవ్వు ఎక్కువుండి, మెడ బాగా జారితే ఫిల్లర్ పనికిరాదు. అది ఎత్తదు, నింపుతుందంతే. జారినదాని మీద ఇంకా నింపితే మొహం కిందంతా బరువెక్కుతుంది. డబ్బు వచ్చే బేరాన్ని వదులుకున్న డాక్టరమ్మ మీద నాకు గౌరవం పెరిగింది.

మధ్యాహ్నం స్టూడియోకి ఉక్కునగరం నుంచి ఒకావిడ కూతురి పెళ్ళి ఆల్బమ్ ప్రూఫులు చూసుకోడానికి వచ్చారు. పేజీలు తిప్పి తిప్పి, “మేడమ్, ఏమీ అనుకోకండి, ఈ గడ్డం కిందది కొంచెం తగ్గిస్తారా” అన్నారు మెల్లగా. తగ్గించాను. పెళ్ళికొడుకు వైపు ఏ మార్పూ లేదు. ఈ కాలం కుర్రాళ్ళకి గెడ్డం ట్రిమ్ చేసే బార్బరే ఫిల్లర్ డాక్టర్.

సాయంత్రం మా ఆడపడుచు కూతురు కాలేజీ నుంచి ఇటే వచ్చింది. ఇంజనీరింగ్ రెండో ఏడు. బ్యాగు కింద పెట్టకుండానే, “అత్తా, ఫిల్లరేనా?” అంది. ఇంతమందిలో పట్టింది అదొక్కతే, ఫోన్‌లో ఎన్ని మొహాలు చూస్తుందో మరి. “అమ్మమ్మకి చెప్పకు” అన్నాను. “చెప్పను గానీ నన్నూ తీసుకెళ్ళు.” పంతొమ్మిదేళ్ళ పిల్ల, కొలిచి గీసినట్టుంది దవడ! 2022లో అమెరికాలో మందులకి అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ దవడ గీత కోసం మొట్టమొదటి హైలురానిక్ ఫిల్లర్ వోలక్స్‌కి అనుమతిచ్చినప్పుడు కూడా ఇరవై ఒకటి దాటినవాళ్ళకే ఇచ్చిందని చెప్పాను. “అయితే రెండేళ్ళాగుతా” అంది తడుముకోకుండా. దాని దగ్గర నా మాట నెగ్గిన రోజు లేదు. స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం ముందుకి జరిపి కొంచెం దించమని, పై లైటు ఒక్కటే వేసి నాలుగు ఫొటోలు తీసిచ్చాను. వాటిని స్టేటస్‌లో పెట్టుకుంది. రెండేళ్ళ సంగతి అప్పుడు చూద్దాం.

వోలక్స్ లాంటి జెల్ ఏడాది దాకా నిలుస్తుందని చెబుతారు, మనిషిని బట్టి అటూ ఇటూ అవుతుంది. ఒక్కసారిగా పోదు, కొంచెం కొంచెంగా కరుగుతుంది కాబట్టి అద్దంలో రోజూ చూసుకుంటే తెలీదు. నెలకొక ఫొటో తీసుకుందామని స్టూలు కాళ్ళ దగ్గర, లైట్ స్టాండ్ దగ్గర నేల మీద నల్ల టేపు అంటించాను. మళ్ళీ వేయించుకోవాలా, మా ఆయనకి లెన్స్ కొనాలా అన్నది ఆ ఫొటోలు చూసే తేలుస్తాను. పొద్దున ఊడ్చేటప్పుడు ఆ టేపు పీకొద్దని రవణమ్మకి చెప్పాలి.